అయ్య బొమ్మ

జూలై 16, మంగళవారం

ఇది మా అంగన్‌వాడీ సెంటర్లో మిగిలిపోయిన పాత రిజిస్టరు. ముందు నాలుగు పేజీలు పోయిన ఏడాది నేనే నింపాను. తేదీ, ఆ రోజు పిల్లలతో చేయించిన బొమ్మ, కావలసినవి. తర్వాత కొత్త రిజిస్టరు వచ్చింది, దీన్ని అడిగేవాళ్లు లేరు. పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాక ఇందులో రాసుకుంటాను. ఇంట్లో నోరు తెరిస్తే ఏడుపవుతుంది. పేటలో నోరు తెరిస్తే కబురవుతుంది.

నా మొగుడు ఎల్లారావు వేటకెళ్లి ఆరు రోజులు. పోయిన బుధవారం పొద్దున్నే మావ, మా అన్నయ్య నాగబాబు ఫైబర్ బోటు మీద వెళ్లారు. గురువారం మధ్యాహ్నం గాలివానకు బోటు తిరగబడింది. శుక్రవారం అన్నయ్య వేరే బోటువాళ్లకు దొరికాడు. మావ దొరకలేదు. కోస్ట్‌గార్డు వాళ్లు మూడు రోజులు వెతికి నిన్నటి నుంచి మానేశారు. దొరకలేదంటే దొరకలేదనే, దానికి ఇంకో అర్థం లేదు. పిల్లలకు మాటలు నేర్పేదాన్ని, నాకు తెలియదా?

అన్నయ్య ఏదో చూశానంటున్నాడు. కళ్ల నిండా ఉప్పునీళ్లు, కడుపు నిండా డీజిల్, ఒక రాత్రీ పగలూ నీళ్లలో ఉన్నవాడు ఏం చూస్తాడు? చెప్పొద్దన్నాను. వినకుండా లేచి వచ్చేశాను.

మా అత్త గంగాలమ్మ కొడుకు కోసం గుమ్మంలో కూర్చుంటుంది. నేను మొగుడి కోసం ఎక్కడా కూర్చోను. సెంటర్‌కి వస్తాను. నా కూతురు దేవిశ్రీకి నాలుగేళ్లు. అదీ నా వెంటే వస్తుంది.

ఇక్కడి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. పోర్టులో చోటు కోసం బయట ఏడు ఓడలు ఆగి ఉన్నాయి. ఓడవాళ్లు నీళ్లలో ఉన్న మనిషిని ఎక్కించుకుంటే మధ్యలో దించరు, తాము వెళ్లే ఊరిదాకా తీసుకుపోతారు. సింగపూరైతే పది రోజులు. అక్కడి నుంచి ఫోన్ చేయడానికి మావకు నా నంబరు నోటికి రాదు. అదొక్కటే చిక్కు.

మావ వెళ్లేటప్పుడు నేను వెనక నుంచి పిలవలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాను, అంతే.

జూలై 18

వర్షం. పిల్లలు కాగితప్పడవలు చేయమన్నారు. కత్తిపడవ చేయడంలో నన్ను మించినవాళ్లు ఈ పేటలో లేరు. కానీ ఇవాళ పడవ వద్దన్నాను. సిరాబుడ్డి చేద్దామన్నాను. సిరాబుడ్డి అంటే ఏటి టీచర్ అన్నారు. నిజమే, ఈ పిల్లలెవరూ సిరాబుడ్డిని చూడలేదు.

"టీచరు మావ పడవ మునిగిపోనాది కదేటి, అందుకే సెయ్యదు" అంది మూలనున్న పిల్ల, పక్కదాని చెవిలో. చెవిలోనే చెప్పింది గానీ పిల్లల గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది. నేను సిరాబుడ్డి మడతలే చూస్తూ కూర్చున్నాను. నాలుగుసార్లు తప్పు మడిచాను.

జూలై 22

తొమ్మిది ఓడలు.

జూలై 25, గురువారం

అగ్గిపెట్టె ఫోన్. కావలసినవి: రెండు ఖాళీ అగ్గిపెట్టెలు, మూడు బారల వలదారం, రెండు పుల్లలు. పెట్టె అడుగున చిన్న బెజ్జం పెట్టి, దారం దూర్చి, లోపల పుల్లకు ముడి వేయాలి. దారం బిగువుగా పట్టుకుంటేనే మాట వెళ్తుంది. వదులైతే వెళ్లదు. పిల్లలకు ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి గంట పడుతుంది.

దేవి తన పెట్టె నాకిచ్చింది. రెండో పెట్టెను కిటికీ ఊచకు కట్టేసింది.

"అమ్మా, అయ్య లైన్లో ఉన్నాడు. మాటాడు."

ఇరవైమంది పిల్లలు నన్నే చూస్తున్నారు. దారం బిగువుగానే ఉంది. పెట్టె నోటి దగ్గర పెట్టుకుని, "బెండ్లు వద్దులే మావా, వచ్చెయ్" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. "ఏటన్నాడే?" అని దేవి అడిగింది. వస్తానన్నాడని చెప్పాను. అది నమ్మింది. ఇరవైమందీ నమ్మారు.

జూలై 30

భ్రమరాంబ మేడమ్ వచ్చింది. మా సూపర్‌వైజరు. సీతమ్మధారలో మీటింగు చూసుకుని అటునుంచి అటే వచ్చానంది. సెలవు పెట్టుకోమంది, వద్దన్నాను. సరేనని, వచ్చే నెల మొదట్లో తల్లిదండ్రులకు పిల్లల బొమ్మలు చూపించాలని చెప్పింది. ఈసారి 'నా కుటుంబం'. ఖర్చు లేకుండా, పనికిరాని వస్తువులతో. వాళ్ల పెందుర్తి నుంచి ఒక మోపు వరిగడ్డి పంపిస్తానంది. వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, హాజరు పట్టీ మీద సంతకం పెట్టడం మర్చిపోయి వెళ్లింది. మంచిదే పాపం. ఎవరికి ఏం చెప్పాలో తెలియదు, అంతే.

ఆగస్టు 2, శుక్రవారం

కొండలరావు పెద్దయ్య వచ్చాడు. పేటకు పెద్ద ఆయనే. వెంట నలుగురు. గుమ్మంలో అత్త లేచి లోపలికి వెళ్లిపోయింది.

"ఇరవై మూడు రోజులైపోనాది సుధారాణీ. బొమ్మ సేసెద్దాం. ఆడి ఆత్మ నీళ్లమీద తిరుగుతుంటే మనకి మంచిది కాదు."

"ఎవరి ఆత్మ?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు కోపం తెప్పించింది. "నీ మంచికే సెప్తన్నాను. గుంట పిల్లున్నాది. నువ్వేటి, ఇలగే ఉండిపోతావా?" అన్నాడు.

ఉండిపోతానన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుందని వాళ్లలో ఎవరో గొణిగారు. అవును, మూడే. నాలుగోది నాకు చూపించండి. మావను చూపించండి.

సాయంత్రం గడ్డి ఎప్పుడు పంపాలో అడగడానికి మేడమ్ ఫోన్ చేసింది. నా గొంతు విని ఏమైందంది. బొమ్మ చెయ్యమంటున్నారని చెప్పాను. "చేయించు మరి, పిల్లలకి సరదాగా ఉంటుంది" అంది. విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మా పేటలో బొమ్మ చెయ్యడమంటే ఆట కాదు మేడమ్, సముద్రంలో పోయినవాడు ఒడ్డుకు రాకపోతే గడ్డితో మనిషిని కట్టి, అతని బట్టలు తొడిగి, ఒడ్డున దహనం చేసి దినం పెడతారు. ఫలానావాడికి బొమ్మ చేసేశారంటే ఇంక ఎదురుచూడటం మానేశారని. అయితే గడ్డి పంపనా వద్దా అంది. పంపమన్నాను. పిల్లల పని పిల్లలదే.

పిలిచాను. ఇక్కడ రాస్తే ఎవరూ చూడరు కదా. మావ బుట్ట భుజాన వేసుకుని పది అడుగులు వేశాక వెనక నుంచి పిలిచాను. "మావా, పాతవల బెండ్లు మర్చిపోకు, పిల్లలకి బొమ్మలకి కావాలి" అని. వల నీళ్లమీద తేలడానికి కట్టే బెండ్లు. వేటకెళ్లేవాణ్ని వెనక నుంచి పిలవకూడదని ఈ పేటలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అత్త అక్కడే ఉంది. విన్నది. ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

ఆగస్టు 5

శ్రావణం వచ్చింది. పక్కింటి నూకాలు శుక్రవారం పేరంటానికి ఇంటింటికీ చెబుతూ మా గుమ్మం దగ్గర ఆగింది. నన్ను పిలవాలో వద్దో దానికి తెలియలేదు. కుంకుమ భరిణె తెరిచి, మూసి, "ఎండ బాగున్నాది కదే" అని వెళ్లిపోయింది. అప్పుడు చినుకులు పడుతున్నాయి.

ఆగస్టు 8, గురువారం

గడ్డిబొమ్మ. కావలసినవి: గుప్పెడు వరిగడ్డి, వలదారం, గుడ్డ పీలికలు. గడ్డిని కాసేపు తడిపి మెత్తబరచాలి. సగానికి మడిచి, మడత కింద బిగించి కడితే తల. మధ్యలో అడ్డంగా సన్నపాయ దూర్చితే చేతులు. నడుము కట్టి, కింద రెండుగా చీల్చి కడితే కాళ్లు. చీల్చకపోతే లంగా, అమ్మ. ముఖం గీయక్కర్లేదు, పిల్లలకు తెలుస్తుంది.

ప్రతివాళ్లూ అమ్మనీ నాన్ననీ చేశారు. ఒకడు మేకను కూడా కుటుంబంలో కలిపాడు. సెంటరంతా చాలా రోజుల తర్వాత సందడిగా ఉంది. నాకూ చేతుల్లో పని ఉంటే గుండెల్లో బరువు తెలియలేదు. దేవి ఇంటి నుంచి నీలం గళ్ల లుంగీ ముక్క ఒకటి తెచ్చుకుంది, మావది, ఎక్కడ చించిందో. చక్కగా చుట్టింది. అన్నిటిలోకీ దానిదే బాగా వచ్చింది. "ఎంత బాగుందే!" అన్నాను. ముద్దు కూడా పెట్టాను.

నాకు తట్టలేదు. ఒట్టు, ఒక్క క్షణం కూడా తట్టలేదు.

ఆగస్టు 9

రాయలేను.

ఆగస్టు 10, శనివారం

నిన్న ప్రదర్శన అయ్యాక దేవి నాకంటే ముందు ఇంటికి పరిగెత్తింది. నేను తాళం వేసి వెనకాలే వెళ్తున్నాను. వీధి మలుపు దాకా దాని గొంతు వినిపించింది.

"నానమ్మా! అయ్య బొమ్మ సేసీసేం! అమ్మ సేయించినాది!"

నేను వెళ్లేసరికి అత్త దాని రెక్క పట్టుకుని కొడుతోంది. ఎప్పుడూ పిల్ల మీద చెయ్యి చేసుకోని మనిషి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నా మీది కోపమంతా దాని వీపు మీద పడింది. "ఎవులు సెయ్యమన్నారే! నా కొడుకు బొమ్మ ఎవులు సెయ్యమన్నారే!" అని ఒకటే అరుపు. విడిపించాను. దేవి ఏడవలేదు. బొమ్మను కడుపులో దాచుకుని, "బాగులేదా?" అని అడిగింది.

ఆ అరుపులు నూకాలు వింది. కుళాయి దగ్గర ఇంకొకరికి చెప్పింది. ఎల్లారావు బొమ్మ సేసీసినారంట. అంతే. గంట తిరక్కుండా పేట పేటంతా మా వాకిట్లో ఉంది. ఒకావిడ బియ్యం తెచ్చింది, ఒకావిడ కొత్తచీర. మగవాళ్లు వెదురు గడలు పట్టుకొచ్చారు. మల్కాపురం నుంచి మా పెద్దమ్మ ఆటోలో ఏడ్చుకుంటూ దిగి, దిగుతూనే నన్ను తిట్టింది. "బొమ్మ సేసుకుంటన్నప్పుడు మాకో ముక్క సెప్పొద్దేటే? అంత పరాయోళ్లమైపోనామా?"

నాకు నవ్వొచ్చింది. అంత బాధలోనూ నవ్వొచ్చింది, సిగ్గులేకుండా. దేవి చేతిలోది తీసి పైకెత్తి చూపించాను. జానెడు బొమ్మ. "ఇదిగో పెద్దమ్మా, ఇదే బొమ్మ. పిల్లల ఆట. ఇళ్లకెళ్లండి."

ఒక్కరూ కదలలేదు. వెదురు గడలు పట్టుకున్నవాళ్లు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నారు. అప్పుడు కొండలరావు పెద్దయ్య నెమ్మదిగా అన్నాడు, "పిల్ల తెలిసి సెయ్యలేదు. దాని సేత ఆడే సేయించుకున్నాడు. ఇంకెంతకాలం ఉంచుతారని అడగతన్నాడు."

ఆ మాటకు అత్త కూలబడిపోయింది. నెల రోజుల్నుంచి గుమ్మంలో రాయిలా కూర్చున్న మనిషి నేలమీద పడి కొడుకు పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఆడవాళ్లందరూ అందుకున్నారు. నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను.

సోమవారం మంచిదట. ఇంకో బొమ్మ కట్టక్కర్లేదట. కన్నకూతురి చేతి బొమ్మ, అంతకంటే ఏం కావాలి, ఈ బొమ్మనే పెట్టేద్దామన్నాడు పెద్దయ్య. చెయ్యి చాపాడు. దేవి నా చేతిలోంచి బొమ్మ లాక్కుని పరిగెత్తింది. చీకటి పడేలోపు దొరికింది, ఖాళీ నీళ్ల డ్రమ్ములో, బొమ్మతో సహా.

ఆగస్టు 11, ఆదివారం

పొద్దున్న అన్నయ్య వచ్చాడు. నెల తర్వాత మొదటిసారి మా గడప తొక్కాడు. రావొద్దన్నది నేనే. సగానికి సగమయ్యాడు. చేతిలో ఒక వలసంచి ఉంది. నా ఎదురుగా నేలమీద పెట్టి కూర్చున్నాడు.

"నువ్వు వినకపోతే నాను సచ్చిపోతానే సుధా. ఈ మాట నాకాడే ఉండిపోతే సచ్చిపోతాను."

ఇవాళ లేచి వెళ్లలేదు.

"బోటు తిరగబడ్డాక ఇద్దరం నీళ్లలో పడ్డాం. బావకి ఈ సంచి దొరికినాది. నువ్వు అడిగినావని పాతవల బెండ్లన్నీ కోసి ఇందులో ఏసుకున్నాడు, వేటకెళ్లిన రోజే. 'మీ సెల్లి తిడతాదిరా, మర్సిపోతే' అని నవ్వుతా కోసినాడు. నాకు కాలు పట్టేసినాది. బావ సంచి నా సంక కింద తోసీసినాడు. ఇద్దరికి అది సాలదు. ఒక సేత్తో నా సొక్కా పట్టుకుని సానాసేపు ఉన్నాడు. మరి... ఆ సెయ్యి వదిలీసినాడు. జారిపోలేదే. వదిలీసినాడు. నాను సూసేను."

చూశాడు. మొదటి రోజు నుంచీ చూశానంటూనే ఉన్నాడు.

సంచిలో బెండ్లు ఇరవై పైనే ఉన్నాయి. తెల్లవి, కొన్ని పసుపు, ఉప్పు పట్టి గరుకుగా. నేనడిగినవి. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఏడుస్తూనే అత్త కాళ్లు పట్టుకుని చెప్పాను. వెనక నుంచి పిలిచాను అత్తా, నేను పిలిచాను, అని.

"విన్నాను" అంది అత్త. "నువ్వు పిలిస్తే ఆడు ఎనక్కి తిరిగి నవ్వేడు. ఆ నవ్వు నానూ సూసేను. నువ్వు పిలవకపోతే నాకు ఆడి ఈపే మిగిలీది." అన్నయ్య వైపు చూసి, "నీకు అన్న ఉన్నాడు" అంది. అందులో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు. ఉన్నా పడతాను.

మధ్యాహ్నం కొండలరావు పెద్దయ్య దగ్గరికి వెళ్లాను. బొమ్మ చేద్దామన్నాను. కానీ పిల్ల బొమ్మ ఇవ్వను, పెద్దది నేనే కడతానన్నాను. "పెళ్లాం కట్టకూడదే" అన్నాడు. "ఈ పేటలో ఇంతమంది పిల్లలకి బొమ్మలు చేసింది ఎవరు పెద్దయ్యా? నాకంటే బాగా ఎవరు కడతారు?" అన్నాను. "సరే, కట్టు మరి" అన్నాడు.

ఆగస్టు 12, సోమవారం

మిగిలిన గడ్డి సరిపోయింది.

తడిపాను. సగానికి మడిచి కట్టాను. అడ్డంగా పాయ దూర్చాను, చేతులకు కొంచెం పొడుగు వదిలాను, మావ చేతులు పొడుగు. నడుము దగ్గర దారం మూడు చుట్లు. నీలం గళ్ల లుంగీ, ఒక మూల చినిగి ఉంది, దేవి చించిన చోటు. పెళ్లినాటి చొక్కా. గుండీలు పెట్టాను. పై గుండీ మావ ఎప్పుడూ పెట్టుకోడని విప్పేశాను. ఎక్కడో తప్పు కట్టాననిపించి విప్పి మళ్లీ కట్టాను. మళ్లీ విప్పాను. "సాలమ్మా, ఇంక బాగున్నాది" అని అత్తే నా చేతులు పట్టుకుని ఆపింది.

దేవి వచ్చి చుట్టూ తిరిగి చూసింది. తన బొమ్మను చంకలో గట్టిగా నొక్కి పెట్టుకుంది.

"ఇది అయ్య కాదు. అయ్య నా కాడున్నాడు."

"అవునే. ఇది ఉత్త గడ్డి" అన్నాను.

మగవాళ్లు తీసుకెళ్లారు. ఆడవాళ్లు అక్కడిదాకా రాకూడదన్నారు. ఇసుక మొదట్లో ఆగాను. మావ చిన్నాన్న కొడుకు నిప్పు పెట్టాడు. అన్నయ్య వంగి ఇసుకలో తల పెట్టుకున్నాడు. గడ్డి ఎంతసేపు కాలుతుంది? మేం ఇల్లు చేరేలోపే అయిపోయింది. ఆ తర్వాత నాకు చేసినవి రాయను.

ఆగస్టు 27, మంగళవారం

దినాలయ్యాక ఇవాళే సెంటర్‌కి వచ్చాను. పిల్లలు మొదట దూరంగా నిలబడ్డారు. నా చేతులూ నుదురూ చూస్తున్నారు. "ఏటి టీచర్, ఇవాళ ఏ బొమ్మ?" అని ఎవరో అడిగాక మిగతావాళ్లు దగ్గరికొచ్చారు.

బెండు పడవ. కావలసినవి: వల బెండు ఒకటి, కొబ్బరి ఈనె ఒకటి, తెరచాపకు ఆకు. బెండు నడుమ ఈనె గుచ్చి, ఈనెకు ఆకు గుచ్చితే అయిపోయింది. మునగమన్నా మునగదు. పళ్లెంలో నీళ్లు పోసి వదిలాం. ఒకడు అరచేత్తో అదిమి ముంచాడు. వదలగానే పైకొచ్చింది. సెంటరంతా కేకలు.

సంచి చాలావరకు ఖాళీ అయింది. అన్నయ్యకు చెబితే బాధపడతాడేమో అనుకున్నాను. కానీ మావ వాటిని కోసింది ఇందుకే.

దేవి పడవ చేయలేదు. రెండు బెండ్లు తీసుకుని మూలన కూర్చుంది. దగ్గరికెళ్లి చూస్తే తన బొమ్మకు నడుము దగ్గర ఒక బెండు కడుతోంది. ముడి దానికింకా సరిగా రాదు. జారిపోతోంది, మళ్లీ కడుతోంది. నేను పక్కన కూర్చుని దారం కొస పట్టుకున్నాను. ముడి బిగిసింది.

"ఒకటి సాలదేమో అమ్మా. అయ్య బరువు."

"రెండోది కూడా కట్టు" అన్నాను.